పెన్సిలుతో రాసే పేర్లు

సంస్మరణ కూడికలో పంచిన కార్డు మీద, ఆవిడ ఫోటో కింద, "మృదుభాషి, వినయశీలి, ఎవరినీ నొప్పించని తల్లి" అని అచ్చు వేశారు. చదవగానే నాకు ఒళ్ళు మండిపోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు గానీ మరీ ఇంతగానా? ఆవిడ మృదుభాషి అయితే రాయపూర్‌లో మే నెల చల్లగా ఉంటుందని కూడా రాసుకోవచ్చు. ఆవిడ డాక్టర్లను నొప్పించింది, నర్సులను నొప్పించింది, నన్ను నొప్పించింది, ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్‌ని అయితే పని పెట్టుకుని మరీ నొప్పించేది. నొప్పించకుండా వదిలేసింది క్యాజువాలిటీ గుమ్మం దగ్గర స్ట్రెచర్ మీద పడి ఉన్నవాళ్ళను మాత్రమే.

అంతకన్నా మండించింది ఇంకోటి ఉంది. వేదిక పక్కన పెద్ద పూలచక్రం నిలబెట్టారు. దాని మీద ఆ ఆసుపత్రి పేరు, కింద హిందీలో 'ఆమె అంకితభావానికి నివాళి'. ఏ ఆసుపత్రి ఆవిడను గుమ్మం బయటికి నెట్టిందో అదే ఆసుపత్రి. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్ళు ఇప్పుడు ఆ బూడిద మీద పూలు చల్లడానికి వచ్చారు. నేను వెనక బెంచీలో కూర్చుని, లేచి వెళ్ళి ఆ చక్రాన్ని ఒక్క తన్ను తంతే ఏమవుతుందా అని ఆలోచిస్తూ ప్రార్థన సగం వినలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మేమంతా సిస్టర్ అనే పిలిచేవాళ్ళం. నరసాపురం వైపు మనిషి, నర్సు చదువు చదివి, రైల్వే ఉద్యోగిని పెళ్ళాడి రాయపూర్ వచ్చింది. ఇంతకు మించి ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు. నాకు బాగా తెలిసింది ఆవిడ కొప్పులో పెన్సిలు.

అందరూ పువ్వు పెట్టుకునే చోట ఆవిడ పెన్సిలు గుచ్చుకునేది. కుట్లు విప్పే బ్లేడుతో దాన్ని చెక్కేది. మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని కొప్పులోంచి లాగి, వెనక కొసతో కౌంటరు మీద రెండుసార్లు కొట్టిందంటే ఎదుటివాడు చెప్తున్నది అబద్ధమని అర్థం. నేను ఆవిడతో మాట్లాడిన మొదటి గంటలో ఆ చప్పుడు ఆరుసార్లు వినిపించింది.

అది రెండు వేల ఏడో ఎనిమిదో. కొత్త రాష్ట్రం, కొత్త రాజధాని, ఎక్కడ చూసినా కంప్యూటర్లు పెట్టేద్దామనే హడావుడి. తెలీబంధా చెరువు దగ్గర ఒక టైర్ల దుకాణం మీద రెండు గదుల్లో ఉండేది మా కంపెనీ. నేను ఎంసీఏ అయి కొత్తగా చేరాను. ఒక ట్రస్టు ఆసుపత్రికి, రోగులను చేర్చుకునే పని మొత్తం కంప్యూటర్ మీద జరిగేలా సాఫ్ట్‌వేర్ చేసే కాంట్రాక్టు వచ్చింది. మా మేనేజరు నా చేతిలో జిరాక్సు కాగితాల కట్ట పెట్టి, వెళ్ళి యూజ్ కేసులు రాసుకుని రమ్మన్నాడు.

యూజ్ కేస్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక మనిషి ఒక పని మీద సాఫ్ట్‌వేర్ దగ్గరికి వస్తాడు. ఆ పని అయ్యేదాకా ఎవరు ఏం చేస్తారో ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి రాసుకోవాలి. అన్నీ సవ్యంగా జరిగితే అది ప్రధాన వరస. మధ్యలో ఏదైనా తేడా వస్తే, ఎక్కడ తేడా వచ్చిందో ఆ అంకె పక్కన ఒక అక్షరం పెట్టి, అప్పుడేం చేయాలో విడిగా రాయాలి. మూడో మెట్టు దగ్గర తేడా వస్తే మూడు-ఎ. ఇవన్నీ రాసి, వాడేవాళ్ళ చేత సంతకం పెట్టిస్తే, దాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ తయారవుతుంది. కాగితంలో లేనిది సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి.

నేను మొదట అడ్మినిస్ట్రేటర్ గదికి వెళ్ళాను. ఏసీ గది, బిస్కట్లు, అద్దాల బల్ల. ఆయన పావుగంటలో అంతా చెప్పేశాడు. రోగి కౌంటరు దగ్గరికి వస్తాడు. కొత్తా పాతా అని అడుగుతారు. రోగి తన పేరు చెప్తాడు. బాధ్యత తీసుకునే బంధువు తన పేరు, ఫోన్ నంబరు చెప్తాడు. చీటీ వస్తుంది. ఆ చీటీ పట్టుకుని మందులకీ డాక్టరుకీ వెళ్తారు. ఆరు మెట్లు, ఆరూ ముత్యాల్లా ఉన్నాయి. ఉద్యోగం ఇంత తేలికా అనుకుంటూ, వచ్చాను కదా అని, ఆ కాగితం పట్టుకుని క్యాజువాలిటీలో ఇన్‌ఛార్జి సిస్టర్‌కి కూడా ఒకసారి చూపిద్దామని దిగాను.

ఆవిడ కాగితం చేతిలోకి తీసుకోలేదు. హిందీలో చదవమంది. నేను ముందు మా కంపెనీ సంగతంతా హిందీలో చెప్పుకుంటూ వస్తుండగా మా అమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మాది పలాస వైపు, రెండు తరాలుగా రైల్వే కాలనీలో ఉన్నా ఇంట్లో మాట మారలేదు. "తిన్నానమ్మా, పనిలో ఉన్నాను, మరి ఉంటాను" అని పెట్టేశాను. ఆవిడ పెన్సిలు లాగి నావైపు చూపించింది.

"శ్రీకాకుళం పిల్లవా? ముందే చెప్పొచ్చుగా. ఇందాకట్నుంచీ హిందీలో నా ప్రాణం తోడేస్తున్నావు."

తర్వాత కాగితం మీద నేను గీసిన బొమ్మ చూసింది. సాఫ్ట్‌వేర్ వాడే మనిషిని మా విద్యలో అగ్గిపుల్లల బొమ్మలా గీస్తారు, తలకి ఒక సున్నా, ఒంటికి నాలుగు గీతలు. వీడికి మొహం లేదేంటని అడిగింది. ఎవరైనా కావచ్చు కాబట్టి మొహం ఉండదని నేను చదువుకున్న తెలివంతా చూపించాను. మొహం లేనివాళ్ళు తనకి వారానికి ఇద్దరు వస్తారని, ఇది వాళ్ళ కోసమేనా అని ఆవిడ అడిగింది. ఎగతాళి అనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఒకటి. రోగి కౌంటరు దగ్గరికి వస్తాడు," అని చదివాను.

"అది కాకపోతే?"

"అంటే?"

"వాడు రాడమ్మాయ్. మోసుకొస్తారు. తెచ్చినోళ్ళు అట్నుంచి అటే పోతారు. సరే, ఆ తర్వాత?"

"మూడు. రోగి తన పేరు చెప్తాడు."

"అది కాకపోతే?"

ఈ ఒక్క ప్రశ్నతో ఆవిడ నా ఆరు మెట్లనూ అరగంటలో కూల్చేసింది. ఆవిడకి యూజ్ కేసంటే ఏమిటో తెలియదు. కానీ నేను తర్వాత పదిహేనేళ్ళలో పెద్ద పెద్ద కంపెనీల్లో, మెడలో గుర్తింపు కార్డులు వేసుకుని తిరిగే నిపుణుల్ని ఎంతమందిని చూసినా, ఆ ప్రశ్న అంత నేరుగా అడిగినవాళ్ళు లేరు. వాళ్ళంతా సవ్యంగా జరిగేదే అడుగుతారు. సవ్యంగా జరిగేదానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

మూడో మెట్టు దగ్గర ఆపి ఆవిడ రిజిస్టరు తెచ్చి తెరిచింది. పేజీ నిండా నీలం సిరాలో పేర్లు, మధ్యలో అక్కడక్కడ పెన్సిలు గీతలు. 'నీలం గళ్ళ లుంగీ, ఎడమ చెవికి పోగు.' 'ముసలమ్మ, రెండు చేతులకీ పచ్చబొట్లు, అడిగితే నవ్వుతుంది.' కొన్ని చోట్ల పెన్సిలు చెరిపి, ఆ మసక మీదే సిరాతో ఒక పేరు రాసి ఉంది. పేరు తెలియనివాళ్ళని 'గుర్తు తెలియని వ్యక్తి' అని ఒక్క మాటలో రాసేయొచ్చు కదా అని అడిగాను. పెన్సిలు కౌంటరు మీద రెండుసార్లు మోగింది.

"గుర్తు తెలియని వ్యక్తి అని సిరాతో రాశావనుకో, వాడి కథ ఆరోజుతో అయిపోయింది. ఇంకెవడూ వెతకడు. పెన్సిలుతో రాస్తే రేపు డ్యూటీకొచ్చినోళ్ళకి ఆ గీత కంట్లో గుచ్చుకుద్ది. చెరిపేదాకా వదలకూడదు, సమ్‌ఝీ? నీ కంప్యూటర్లో పెన్సిలుందా?"

పెడతానన్నాను.

ఆ తర్వాత మూడు వారాలు రోజూ ఆవిడ కౌంటరు వెనక నిలబడ్డాను. కూర్చోనిచ్చేది కాదు, కూర్చుంటే ఏమీ కనపడదనేది. డ్యూటీలోకి వస్తూనే ఆవిడ మొదటి మాట, పెన్సిలు పేర్లు ఎన్ని మిగిలాయి అని. గుడ్ మార్నింగులు ఏవీ లేవు. ఎవరైనా రెండు అని చెప్తే, ఆ రెండూ ఏమిటో, వాటి కోసం ఏం చేశారో చెప్పాలి. జేబులు చూశారా, చేతి మీద పచ్చబొట్టు చదివారా, ఏ బస్సు టికెట్టు ఉంది, ఏ ఊరి మట్టి కాళ్ళకుంది. చేయలేదంటే ఆ మనిషి ఆ పూట టీ తాగినట్టే. టీ మాత్రం తను పదకొండింటికి సాసర్లో పోసుకుని, నిలబడే, నాలుగు గుక్కల్లో తాగేది.

రెండో వారంలో నేనొక ఘనకార్యం చేశాను. స్పృహ లేని ఒక మనిషిని తెచ్చి దింపారు. సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. తిరగేసి చూస్తే అడుగున చక్కగా పేరు చెక్కి ఉంది. సిస్టర్ వార్డులో ఉంది. నేను సంతోషం పట్టలేక, నా పెన్ను తీసి, రిజిస్టర్లో ఆ పేరు సిరాతో రాసేశాను. ఆవిడ వచ్చి చూసేసరికి మధ్యాహ్నమైంది, అప్పటికే ఆ పేరుతోనే మనిషి పై అంతస్తు వార్డుకు వెళ్ళిపోయాడు. పేరు దొరికింది కదా అని పెన్సిలు గీతల లెక్కలోంచి కూడా జారిపోయాడు.

ఆ పేరు అతనిది కాదు. అతని పెళ్ళిలో ఆ డబ్బా ఇచ్చిన మేనమామది. రెండు రోజులపాటు అతని భార్య కౌంటరు దగ్గరికి వచ్చి భర్త పేరు చెప్పి అడిగితే, అలాంటి పేరుతో ఎవరూ చేరలేదని చెప్పి పంపేశారట. మూడో రోజు ఆమె గేటు దగ్గర ఏడుస్తుంటే సిస్టరే చూసి, లోపలికి తీసుకెళ్ళి మంచం మంచం తిప్పి చూపించింది.

ఆరోజు ఆవిడ నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. రిజిస్టరు నా ముందు పెట్టి నా చేతిరాత మీద వేలు ఆనించింది.

"గిన్నె మీద పేరు ఇచ్చినోళ్ళది అమ్మాయ్, తినేవాళ్ళది కాదు. ఇంటికెళ్ళి మీ గిన్నెలు తిరగేసి చూసుకో."

ఇంటికెళ్ళి చూశాను. మా ఇంట్లో ఉన్న స్టీలు సామాను మీద మా చిన్నాన్న పేరుంది, మా నాన్నతో రైల్వే వర్క్‌షాపులో పనిచేసినవాళ్ళ పేర్లున్నాయి, ఎవరో ఎప్పుడూ చూడని పెద్దమ్మ పేరుంది. రోజూ అందులో వండి పెట్టే మా అమ్మ పేరు ఒక్కదాని మీదా లేదు. ఇరవై మూడేళ్ళు ఆ గిన్నెల్లో తిని కూడా నేనా సంగతి గమనించలేదు. అడగడం అంటే ఏమిటో నాకు ఆరోజు కొంచెం తెలిసింది. దొరికిన మొదటి జవాబు రాసేసుకోవడం అడగడం కాదు.

అప్పుడు కూర్చుని మూడు-ఎ రాశాను. రోగి పేరు చెప్పలేని స్థితిలో ఉంటే, ఆనవాళ్ళు రాసి చేర్చుకోవాలి. బంధువు లేకపోయినా చీటీ రావాలి. ఆ వరస తెర మీద వేరే రంగులో కనిపిస్తూనే ఉండాలి, అసలు పేరు దొరికేదాకా పోకూడదు. నేను నా జన్మలో రాసిన మంచి వాక్యాలు ఇవే. సిస్టర్‌కి చదివి వినిపిస్తే, పెన్సిలు తీయకుండా చివరిదాకా వింది. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర లేదు.

మా మేనేజరు ఆ పేజీ చూసి, ఇలాంటివి రోజుకి ఎన్ని వస్తాయని అడిగాడు. వారానికి రెండని చెప్పాను. వారానికి రెండింటి కోసం ఇన్ని రోజుల పనా, రెండో విడతలో చూద్దాం, తీసెయ్ అన్నాడు. అడ్మినిస్ట్రేటర్ ఇంకో అడుగు ముందుకేసి, మా ఆసుపత్రిలో పేరులేని రోగులే ఉండరు, ఇలాంటిది కాగితం మీద ఉంటే పోలీసులకు సమాధానం చెప్పుకోవాలి అన్నాడు. ఆయన అలా అంటున్నప్పుడు కింద అంతస్తులో రెండు పెన్సిలు పేర్లు మంచాల మీద ఉన్నాయి. ఉన్న మనుషుల్ని లేరనడానికి వాళ్ళకి నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అంతకన్నా అర్థం కానిది, నేను నోరు మూసుకుని ఆ పేజీని నా చేత్తోనే తీసేయడం. పైగా బాధ్యత తీసుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు, సంబంధం, ఈ మూడు గడులూ నింపకపోతే తెర ముందుకు పోకూడదని నియమం రాసింది కూడా నేనే. సంబంధం గడిలో ఎంచుకోవడానికి తండ్రి, తల్లి, భర్త, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అని జాబితా పెట్టాను. ఇతరులు అని పెట్టాలని నాకు తోచలేదు.

చివరి కాగితం మీద వాడేవాళ్ళ తరఫున సిస్టర్ సంతకం కావాలి. పట్టుకెళ్ళాను. పేజీలన్నీ తిప్పి, నా పెన్సిలేది అని అడిగింది. రెండో విడతలో వస్తుంది సిస్టర్, తప్పకుండా వస్తుంది అన్నాను. ఆవిడ పెన్సిలు కొప్పులోంచి లాగింది. కొట్టబోయి, ఆగి, నా మొహం చూసి మళ్ళీ కొప్పులో పెట్టుకుంది.

"నువ్వు చెప్తున్నావు కాబట్టి," అని సిరాతో సంతకం చేసింది.

సాఫ్ట్‌వేర్ మొదలైన రోజున అడ్మినిస్ట్రేటర్ పాత రిజిస్టర్లన్నీ పట్టుకెళ్ళి గదిలో పెట్టి తాళం వేయించాడు, లేకపోతే వీళ్ళు పాత పద్ధతి వదలరని. నన్ను నెలరోజులు కౌంటరు దగ్గర సాయంగా ఉండమన్నారు. అందుకే ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను.

ధర్సీవా వైపు ఏదో ఇనుము కర్మాగారం నుంచి ఒక టెంపోలో కాలిన మనిషిని తెచ్చారు. యాభై ఏళ్ళుంటాయి. తెచ్చినవాళ్ళు స్ట్రెచర్ మీదికి మార్చి, టెంపో తిప్పుకుని వెళ్ళిపోయారు. సిస్టర్ పేరు గడిలో 'కాలిన చేతులు, మెడలో నల్లతాడు' అని కొట్టింది. తర్వాతి గడి దగ్గర తెర ఆగిపోయింది. బాధ్యత తీసుకునే మనిషి పేరు. అది నింపితే గానీ చీటీ రాదు. చీటీ లేకపోతే మందుల కౌంటరు ఏమీ ఇవ్వదు, అదీ కొత్త పద్ధతే. పక్కనే ఉన్న డ్యూటీ డాక్టరు సూది మందులకీ సెలైన్లకీ కేకలేస్తున్నాడు. ఆవిడ నావైపు తిరిగి, ఇప్పుడేం చెయ్యమంటావని అడిగింది. నేను ఆఫీసుకి ఫోన్ చేస్తానన్నాను. నిజంగానే చేశాను. నా చెవిలో రింగ్ అవుతుండగా ఆవిడ ఆ గడిలో తన పేరు కొట్టడం చూశాను. తన ఇంటి ఫోన్ నంబరు కొట్టింది. సంబంధం జాబితా మొత్తం పైనుంచి కిందికి చూసి, తల్లి అన్నదాని మీద నొక్కింది. చీటీ వచ్చింది.

ఆ మనిషి బతికాడు. నాలుగో రోజు నోరు విప్పి పేరు చెప్పాడు, ఊరి నుంచి భార్య వచ్చింది. ఈ సంగతిలో ఒక మనిషి బతికాడన్న ముక్క తప్ప మిగతావన్నీ అందరూ పట్టించుకున్నారు. కర్మాగారం ప్రమాదం గురించి పోలీసులు కాగితాలు అడిగితే, అందులో ఆసుపత్రి నర్సే తల్లిగా ఉంది. రికార్డులో తప్పుడు వివరాలు రాసినందుకు విచారణ పెట్టారు.

అదే ఏసీ గది, అవే బిస్కట్లు. అడ్మినిస్ట్రేటర్, ట్రస్టు పెద్దలు ఇద్దరు, మా మేనేజరు, నేను. సిస్టర్ నిలబడి ఉంది, కూర్చోమని ఎవరూ అనలేదు. యాభై ఏళ్ళ మనిషికి మీరు తల్లా అని ఒకాయన అడిగి, పక్కాయన వైపు చూసి నవ్వాడు. ఆవిడ వయసు అప్పటికి యాభై రెండు. ముందే చెప్పానని, పేరులేనివాళ్ళు వస్తారని కాగితంలో రాయించానని ఆవిడ అంది. అందరూ నావైపు తిరిగారు. ఆమె సంతకం పెట్టిన కాగితంలో అలాంటిదేమైనా ఉందా లేదా అని అడ్మినిస్ట్రేటర్ అడిగాడు.

నా సంచిలో మొదటి కాగితం ఉంది. మూడు-ఎ, నా చేతిరాతలో. తీసి బల్ల మీద పెడితే చాలు. మా మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

లేదు అన్నాను.

సిస్టర్ పెన్సిలు తీస్తుందనుకున్నాను. తీయలేదు.

"అమ్మాయి అబద్ధం చెప్పలేదు. కాగితంలో లేదు," అంది.

నేను ఎంతోమంది మీద కోపం పెట్టుకుని బతుకుతున్నాను. ఆ అడ్మినిస్ట్రేటర్ మీద, నవ్విన ఆ పెద్దమనిషి మీద, మా మేనేజరు మీద. కానీ ఆ గదిలో అసలు కోపం రావలసింది ఎవరి మీదో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. కర్ర విరగకుండా, పాము చావకుండా ఒక్క మాట చెప్పాను, ఆవిడ ఉద్యోగం పోయింది. రాజీనామా రాయమన్నారు. రాసింది. రెండో విడత ఎప్పుడూ రాలేదు.

నాలుగు నెలల తర్వాత ధైర్యం తెచ్చుకుని రైల్వే క్వార్టర్స్‌లో ఆవిడ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి గుమ్మంలోనే నిలబెట్టింది.

"చూడ్డానికొచ్చావా, క్షమించమనడానికొచ్చావా? చూడ్డానికైతే లోపలికి రా."

చూడడానికే అన్నాను. టీ ఇచ్చింది. నా కొత్త ఉద్యోగం గురించి అడిగి, అందులో ఎవరెవరు ఏం వాడతారో చెప్పించుకుని, ప్రతి మెట్టు దగ్గరా అది కాకపోతే అని అడిగి, నా మూడు తప్పులు పట్టుకుంది. మాట మధ్యలో హాల్లో ఫోన్ మోగింది. ఆవిడ వెళ్ళి ఎత్తి, హిందీలో ఎవరినో చెడామడా తిట్టింది. చేతి మీద చూశావా, జేబులో చూశావా, చూడకుండా నాకెందుకు చేశావని. ఎవరో పాత మనిషి సలహా అడుగుతోందనుకున్నాను. ఎవరని అడగలేదు. ఇంత నేర్పించాక కూడా నేను అడగాల్సిన చోట అడగలేదు. ఆ తర్వాత వేరే ఊళ్ళు, వేరే ఉద్యోగాలు. రాయపూర్ తిరిగొచ్చాక కూడా, ఇవాళ రేపని వాయిదా వేస్తూ, చివరికి కార్డు మీద ఆవిడ ఫోటో చూశాను.

కూడిక అయ్యాక అందరూ భోజనాలకి లేచారు. నేను ఆ పూలచక్రం దగ్గర నిలబడి ఉంటే, ముప్ఫై ఏళ్ళ అమ్మాయి ఒకామె వచ్చి ఫోటోని దగ్గరగా చూస్తోంది. ఛత్తీస్‌గఢ్ అమ్మాయి, తెలుగు రాదు, ప్రార్థన ఒక్క ముక్క అర్థమై ఉండదు. బంధువా అని హిందీలో అడిగాను. కాదంది. ఆ ఆసుపత్రిలోనే క్యాజువాలిటీ కౌంటర్లో పనిచేస్తుందట. అంతకు ముందు ఎప్పుడూ ఆవిడను చూడలేదట, మొహం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చానంది.

ఆ తర్వాత ఆమె చెప్పింది నేను నిలబడే విన్నాను. చేరిన మొదటి వారంలోనే పాతవాళ్ళు నేర్పించారట. పేరు తెలియని మనిషి వస్తే బాధ్యత గడిలో ఈవిడ పేరు కొట్టాలి, ఈ ఫోన్ నంబరు కొట్టాలి, లేకపోతే తెర ముందుకు పోదు. సిస్టర్‌ని తీసేసిన తర్వాత మిగతా నర్సులు తమ పేర్లు రాయడానికి భయపడి ఆవిడ దగ్గరికి వెళ్తే, నా పేరే రాయండి, నన్ను రెండోసారి తీసేయలేరుగా అందట. అప్పట్నుంచీ అదే పద్ధతి. కంప్యూటర్లు మారాయి, అడ్మినిస్ట్రేటర్లు మారారు, ఆ గడి మారలేదు. అందరికీ తెలుసు, ఎవరూ చూడరు. చీటీ రాగానే ఆ నంబరుకి ఫోన్ చేయాలని కూడా నేర్పించారట. చేస్తే ఆవిడ ముందు తిట్టేదట, తర్వాత ఏమేం వెతకాలో ఒక్కొక్కటే చెప్పేదట. మర్నాడు తనే ఫోన్ చేసి, పేరు దొరికిందా అని అడిగేదట.

నేను కంప్యూటర్లో పెట్టకుండా తీసేసిన మూడు-ఎ ఇన్నేళ్ళూ ఒక రైల్వే క్వార్టర్‌లో, ఒక ముసలి మనిషి గొంతులో నడిచింది. తప్పుడు పేరు రాసిందని ఆవిడను వెళ్ళగొట్టిన ఆసుపత్రి, ఆ తప్పుడు పేరు మీదే పదిహేనేళ్ళకు పైగా మనుషుల్ని చేర్చుకుంది. చేర్చుకుని, ఇప్పుడు పూలు పంపింది.

ఆ అమ్మాయి వెళ్ళబోయి ఆగింది. అడగొచ్చో లేదో అన్నట్టు చూసి, నెమ్మదిగా అడిగింది. నిన్న ఒకాయన్ని తెచ్చారట, మాట లేదు. అలవాటుగా ఈవిడ పేరే కొట్టింది, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇక మీదట ఎవరి పేరు రాయాలి అంది.

నా పేరు చెప్పాను. ఆమె కార్డు తిరగేసి దాని వెనక పెన్నుతో రాసుకుంది. ఫోన్ నంబరు అడిగింది. అది లేకపోతే తెర ముందుకు పోదని నాకు తెలుసు. చెప్పాను. తప్పు పోకుండా రెండోసారి కూడా చెప్పాను. ఆమె రాసుకుని, సంబంధం ఏమని పెట్టాలి అక్కా, జాబితాలో ఇతరులు అని లేదు అంది.

తల్లి అని పెట్టమన్నాను.